జిగ్సా పజిల్‌కి ఇంట్లో మళ్లీ చోటివ్వాలంటే: బల్ల దగ్గర్నుంచి డబ్బా దాకా

జిగ్సా పజిల్, అంటే అట్ట ముక్కల్ని ఒకదానికొకటి కలిపి బొమ్మ కుదిర్చే ఆట, మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్లలో చాలామంది అది కష్టమై వదలరు. పరిచి ఉంచడానికి చోటు లేక వదులుతారు. భోజనాల బల్ల మీద పరిస్తే రాత్రి భోజనాల వేళకి తీసేయాలి. మంచం మీద పరిస్తే పడుకునే ముందు తీసేయాలి. నేల మీద పరిస్తే తెల్లారేసరికి చీపురొచ్చేస్తుంది. సగం కుదిరిన బొమ్మని ఒకటికి రెండుసార్లు చెరిపి డబ్బాలో పోశాక మళ్లీ పరవడానికి ఎవరికైనా మనసు రాదు. అందుకే ఫోను పక్కన పెట్టి చిన్నప్పటి ఈ సరదాలోకి మళ్లీ రావాలనుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది పజిల్ కొనమని కాదు, బల్ల చేయించుకోమని.

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ఊళ్లలో ఉండే మన తెలుగువాళ్లని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మన ఇళ్ల తీరు, మన వానలు, మన పిల్లల చదువులు అన్నీ ఇందులో లెక్కకొస్తాయి.

ముందు బల్ల

ప్లైవుడ్ కొట్టుకెళ్లి మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న 6 మి.మీ. ముక్క అడగండి. షీటంతా కొననక్కర్లేదు. కోయగా మిగిలిన ముక్కలు కొట్లో ఓ మూల ఆనించి ఉంటాయి, వాటిలో చూసుకుంటే ధర కూడా కలిసొస్తుంది. ఆ కొలత ఎందుకంటే, 1000 ముక్కల పజిల్ పూర్తయ్యేసరికి సుమారు 70 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు వస్తుంది. 500 ముక్కలది 49 సెం.మీ., 36 సెం.మీ. దగ్గర ఆగుతుంది. ఈ బల్ల మీద పెద్ద పజిల్ పరిచినా ఓ పక్కన జానెడు ఖాళీ మిగులుతుంది. ఇంకా చోటు దొరకని ముక్కలు అక్కడుంటాయి. 3 మి.మీ. హార్డ్‌బోర్డు చవకే గానీ ఎత్తితే నడుం దగ్గర వంగుతుంది, వంగితే కుదిరిన ముక్కలు పైకి లేచి ఊడొస్తాయి. 12 మి.మీ. చెక్క వంగదు, కానీ రోజూ లాగడానికీ తోయడానికీ బరువు.

వడ్రంగి చేత చుట్టూ అరంగుళం బీడింగ్, అంటే సన్న చెక్క పట్టీ, కొట్టించండి. ముక్కలు జారి కింద పడకుండా అదే కాస్తుంది. పైన బూడిద రంగు ఫెల్ట్ గుడ్డ గానీ, పూలూ గీతలూ లేని పాత నూలు దుప్పటి గానీ బిగుతుగా లాగి అంటించండి. సన్‌మైకా వద్దు: బల్ల ఎత్తితే ముక్కలు జారతాయి, ట్యూబ్‌లైటు దాని మీద పడి కంట్లో కొడుతుంది. వెల్వెట్టూ వద్దు, దాని నూగుకి ముక్కలు పట్టుకుని జరగవు. బల్ల మీద మూతగా వేయడానికి అదే కొలతకి ఇంకో పల్చటి హార్డ్‌బోర్డు ముక్క కోయించుకోండి. అది బీడింగ్ మీద ఆనుతుంది కాబట్టి కింద ముక్కలకి తగలదు. దుమ్మూ బల్లి రెట్టా లోపలికి పోవు, పిల్లి ఎక్కి పడుకున్నా బొమ్మ చెదరదు.

ఇవన్నీ చేయించే ముందు మంచం కింద ఎంత ఎత్తుందో ఓసారి కొలుచుకోండి. బల్ల ఉండేది అక్కడే. అడుగున సొరుగులున్న దివాన్ మంచమైతే బీరువా పైన పెట్టుకోవాలి, అప్పుడు దించడానికి ఇద్దరు కావాలి. ఏదైనా సరే, బల్లని పడుకోబెట్టే ఉంచాలి, గోడకి ఆనించి నిలబెడితే పని మొదటికొస్తుంది.

ఏ పజిల్

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెడుతుంటే 300 లేదా 500 ముక్కలది తీసుకోండి. 1000 అంటే 500కి రెట్టింపు పని అనుకుంటారు, కాదు. కుదర్చాల్సిన ముక్కలు రెట్టింపు, ఒక్కోదాని కోసం వెతకాల్సిన కుప్పా రెట్టింపు. మొత్తం మీద వెతుకులాట నాలుగింతలకి దగ్గర పడుతుంది. తీరిక కోసం కూర్చున్నవాళ్లకి మొదటి వారంలోనే అంత భారం వద్దు.

బొమ్మ ఎంచుకోవడానికి నేను చూసే పద్ధతి ఇది. డబ్బా మీది బొమ్మలో కళ్లు మూసుకుని ఎక్కడో చోట వేలు పెట్టండి. ఆ వేలి కింద ఉన్నది బొమ్మలో ఇంకెక్కడా కనపడకూడదు. బజారు వీధి, పుస్తకాల అర, పాత మ్యాపు, రంగురంగుల పడవలు ఈ పరీక్షకి నిలుస్తాయి. సగం ఆకాశం, సగం సముద్రం ఉన్న ఫోటో నిలవదు. మంచుకొండలు, రాత్రి దృశ్యాలు కూడా అంతే. రాయగడ, గజపతి జిల్లాల్లో సవరలు గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు నాకు ప్రాణం. అలాంటి బొమ్మతో పజిల్ చేయించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఒకే ఎర్రమట్టి రంగు మీద ఒకే పోలికలో వందల చిన్న మనుషులు ఉంటారు కాబట్టి, చేయి తిరిగాకే దాని జోలికి వెళ్లండి.

మన ఊళ్ల బొమ్మల కొట్లలో ఎక్కువగా కనిపించేవి పిల్లల పజిళ్లే. పెద్దవాళ్లకి పనికొచ్చేవి కావాలంటే బరంపురమో విశాఖపట్నమో వెళ్లినప్పుడు చూడాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మన దేశంలో ఫన్‌స్కూల్, ఫ్రాంక్ వాళ్లవి ఉన్నాయి. జర్మనీ కంపెనీ రావెన్స్‌బర్గర్‌ది ఖరీదు ఎక్కువ, పట్టు బాగుంటుంది. కంపెనీ ఏదైనా అట్ట మందం 2 మి.మీ. దగ్గర ఉండాలి. అంతకంటే బాగా పల్చనైతే రెండు ముక్కలు కలిపాక ఒకదాన్ని కదిపితే రెండోది వెంట రాదు.

సొంత ఫోటోతో పజిల్ చేసిచ్చేవాళ్లూ ఉన్నారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచిన చిన్న రైలు ఫోటో ఏదైనా మీ ఇంటి ఆల్బమ్‌లో ఉంటే దానికంటే మంచి బొమ్మ ఏముంటుంది! అయితే 500 ముక్కల సైజుకి అచ్చు స్పష్టంగా రావాలంటే ఫోటో దాదాపు 3,900 × 2,800 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన కాపీ పనికిరాదు. అసలు ఫోటోని మంచి రిజల్యూషన్‌తో స్కాన్ చేయించండి. నలుపు తెలుపు ఫోటో అయితే 300 ముక్కలు దాటొద్దు.

మొదటి సాయంత్రం ఒక్క ముక్కా కలపొద్దు

కొత్త డబ్బా విప్పగానే ముక్కల మధ్య అట్ట పొడి ఉంటుంది. అది బొడిపెల్లోకి, నొక్కుల్లోకి చేరితే ముక్క పూర్తిగా దిగదు. ముక్కల్ని జల్లెడలో పోసి కాగితం మీద మెల్లగా జల్లించండి. పారేసే ముందు ఆ పొడిలో చిన్న ముక్కేమైనా పడిందేమో చూడండి.

తర్వాత అన్నీ బొమ్మ పైకి వచ్చేలా తిప్పి పరవండి. తిప్పుతూనే అంచు ముక్కలు వేరు చేయండి. ఒక పక్క తిన్నగా ఉన్నది అంచు, రెండు పక్కలు తిన్నగా ఉన్నది మూల. ఎన్ని రావాలో ముందే తెలుసుకోవచ్చు. వరసకి 40, నిలువుకి 25 చొప్పున కోసిన 1000 ముక్కల పజిల్లో మూలలతో కలిపి అంచు ముక్కలు 126. వరసకి 25, నిలువుకి 20 ఉన్న 500 ముక్కల దాంట్లో 86. మొదటి జల్లెడలో అన్నీ దొరకవు. పది పదిహేను ఎక్కడో దాక్కుంటాయి, కంగారు పడకండి.

మిగతావి రంగుల వారీగా మిఠాయి డబ్బాల మూతల్లో, అంచున్న పళ్లేల్లో సర్దండి. ఐదారు కుప్పలు చాలు. ఇరవై కుప్పలు చేస్తే ఏ ముక్క ఏ కుప్పలో వేశామో వెతుక్కోవడమే పనవుతుంది. ఆ రోజుకి అక్కడితో మూత వేసేయండి.

వెలుతురు, కూర్చునే తీరు

పాత వీధుల్లో మన ఇళ్లు పక్కింటితో గోడ కలుపుకుని వీధిలోంచి పెరటి దాకా పొడుగ్గా సాగుతాయి. మధ్య గదుల్లో పగలు కూడా చీకటే. వీధి వైపు గది గానీ పెరటి వసారా గానీ ఎంచుకోండి. రాత్రిపూట పసుపు దీపం కింద తెలుపూ మీగడ రంగూ ఒకటే అనిపిస్తాయి, ముదురు నీలం నలుపులో కలిసిపోతుంది. డబ్బా మీద 5,000 నుంచి 6,500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోండి. తల నీడ బల్ల మీద పడకుండా దీపం ఎదురుగానో పక్కగానో ఉండాలి.

నేల మీద బాసిపట్టు వేసుకుని వంగి కూర్చుంటే అరగంటకే మెడ పట్టేస్తుంది. బల్ల మోచేతుల ఎత్తుకి రావాలి. చత్వారం అద్దాలున్నవాళ్లు అవి పెట్టుకునే కూర్చోండి. ఫోను ఇంకో గదిలో ఉంచండి. డబ్బా బొమ్మ చూడ్డానికి కూడా ఫోను వాడొద్దు, మూతని ఎదురుగా నిలబెట్టుకుంటే చాలు. భోజనాలయ్యాక అరగంటో ముప్పావుగంటో కూర్చుని, చేతిలో ఉన్న ముక్క కుదిరినా కుదరకపోయినా లేవండి.

దీనివల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుందని చెప్పి అమ్మేవాళ్లున్నారు. జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయం వాళ్లు 50 ఏళ్లు దాటిన 100 మందితో అధ్యయనం చేసి 2018లో ప్రచురించారు. వాళ్లలో ఒక జట్టు చేత 30 రోజులపాటు రోజుకో గంటైనా పజిళ్లు వేయించారు. పజిల్ వేసేటప్పుడు చూపుతో, ఊహతో ముడిపడ్డ రకరకాల శక్తులు పని చేస్తాయని తేలింది. ఏళ్ల తరబడి వేసేవాళ్లకి మేలు ఉండొచ్చన్న సూచనా కనిపించింది. కానీ ఆ నెల రోజుల్లో చెప్పుకోదగ్గ మెరుగు రాలేదు. కాబట్టి మందులా వేయకండి. మనసు నెమ్మదించడానికి వేయండి, అది మొదటి వారంలోనే మీకే తెలుస్తుంది.

ఇక కూర్పు

అంచుతో మొదలుపెట్టండి. నాలుగు మూలలు పెట్టి, బొమ్మలో గుర్తుపట్టగలిగే భాగం ఉన్న అంచు ముందు అల్లుకు రండి. అంచు పూర్తి కాలేదని ఆగిపోవద్దు, లోపల పని సాగుతుంటే ఆ ఖాళీలు వాటంతటవే నిండుతాయి.

లోపల మొదట చేయాల్సింది రాతలు, ముఖాలు, గీతలు. బజారు బొమ్మే అనుకోండి. ఒక ముక్క చేతిలోకి తీసుకుని నిదానంగా చూడండి. పైన ఆకుపచ్చ పందిరి గుడ్డ, దాని అంచున సన్నటి ఎర్రగీత. ఆ గీత ఎడమ పక్క నొక్కు పైనుంచి మొదలై కుడి బొడిపె మీదకి వచ్చి సగంలో తెగిపోయింది. అంటే దీని కుడి పక్కన రావాల్సిన ముక్కకి నొక్కు అడుగునే ఎర్రగీత అందుకోవాలి. ఇప్పుడు కుప్పలో వెతకాల్సింది ఆకుపచ్చ ముక్క కాదు, నొక్కు అంచున ఎర్ర చుక్క ఉన్న ముక్క. ఇలా ఒక్కో ముక్కనీ చదవడం అలవాటైతే రంగుల కుప్పలో గుడ్డిగా తడమడం పోతుంది. నాకు ఈ సరదాలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. రోజంతా తెర మీద జారిపోయే బొమ్మలు చూసిన కళ్లు ఇక్కడ ఒక గోరంత గీత దగ్గర నిలబడతాయి.

అలా కుదిరిన గుంపుల్ని దళసరి కాగితం ముక్కల మీద పేర్చుకుంటే తర్వాత జరపడం తేలిక. కాగితంతో సహా చోటుకి తీసుకెళ్లి, పక్కనుంచి స్టీలు స్కేలుతో నెట్టి దింపండి.

ముక్క కుదిరినట్టే ఉంటుంది, కానీ కాదు. ఇది అందరికీ జరుగుతుంది, ముఖ్యంగా ఒకే రంగు ఉన్న చోట. అనుమానం వస్తే రెండు ముక్కల్నీ కలిపి ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకోండి. సందులోంచి వెలుతురు సన్నటి గీతలా ఒకే తీరులో వస్తే సరైనదే. ఒకచోట లావుగా, ఒకచోట అసలు లేకుండా వస్తే తప్పు ముక్క. వెనక్కి తిప్పి చూసినా అతుకు తేడా తెలుస్తుంది. నొక్కి దింపాల్సి వచ్చిందంటే అది దాని చోటు కాదు.

చివరికి మిగిలేది ఆకాశం. అక్కడ రంగు సాయం చేయదు, ఆకారమే దారి. లోపలి ముక్కకి నాలుగు పక్కలు, ఒక్కో పక్క బొడిపో నొక్కో. ఈ లెక్కన ముక్కలు ఆరు రకాలే: బొడిపె లేనిది, ఒకటున్నది, ఎదురెదురుగా రెండున్నది, పక్కపక్కన రెండున్నది, మూడున్నది, నాలుగూ ఉన్నది. మిగిలిన నీలం ముక్కల్ని ఆరు వరసలుగా పేర్చండి. ఖాళీ దగ్గర ఎక్కడ బొడిపె కావాలో, ఎక్కడ నొక్కు కావాలో చూసి, ఆ వరసలోవి మాత్రమే ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే పెట్టి చూడండి. వంద ముక్కల గందరగోళం పదిహేను ముక్కల పనవుతుంది.

ఇంట్లో అందరికీ బల్ల దగ్గరకి రావడానికి వీలు ఉండాలి. నీళ్లు తాగడానికి లేచిన మావయ్యగారు నిలబడే రెండు ముక్కలు పెట్టి వెళ్లొచ్చు. "అప్పా, దీని మీద సగం గడియారం ఉంది చూడు!" అని చిన్నవాడు పరిగెత్తుకొస్తే, చోటు మీకు తెలిసినా చెప్పకండి, వాణ్నే వెతకనివ్వండి. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం ముక్కలు వాళ్లకి అందనివ్వొద్దు, నోట్లో పెట్టుకుంటారు.

వానాకాలం

జూన్ నుంచి అక్టోబరు దాకా మన గాలిలో తేమకి అట్ట ఉబ్బుతుంది. ముక్కలు బిగుసుకుంటాయి, పై కాగితం అంచు దగ్గర లేస్తుంది. డబ్బాలో పెట్టేటప్పుడు ముక్కల్ని జిప్ కవర్లో వేసి, కొత్త చెప్పులతోనో బ్యాగుతోనో వచ్చిన సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. చెమ్మగిల్లిన ముక్కల్ని ఎండలో ఆరేస్తే అట్ట వంకర పోయి బొమ్మ ఊడొస్తుంది. నీడలో ఫ్యాను కింద పరిచి వదిలేయండి. కాగితం తినే వెండిపురుగులు డబ్బాలోకి చేరకుండా అలమరలో కలరా ఉండలు వేస్తే చాలు, కవర్లో ముక్కలతో కలిపి వేయొద్దు.

పిల్లల కోసం మన మ్యాపు

జిగ్సా పజిల్ పుట్టిందే మ్యాపుతో. లండన్‌లో మ్యాపులు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ 1760లలో మ్యాపుని చెక్క మీద అంటించి దేశాల సరిహద్దుల వెంబడి కోయించాడు, పిల్లలకి భూగోళం నేర్పడానికి. ఆ పని సరిహద్దు మీద ఉన్న మనకంటే ఎవరికి ఎక్కువ కావాలి? మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. మాట వస్తుంది, అక్షరం రాదు. తెలుగులో పేర్లు రాసిన మ్యాపు పజిల్ ఒకటి చేసిస్తే ఊరి పేరూ అక్షరమూ రెండూ చేతిలోంచి వస్తాయి.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు, వాటిని ఆనుకుని శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం. ఇంతవరకు మ్యాపు గీసి, పేర్లు పెద్ద అక్షరాలతో రాసి, ఒక్కో జిల్లాకి ఒక్కో రంగు వేయండి. లోపల మహేంద్రగిరి కొండ, మహేంద్రతనయ, వంశధార నదులు, మీ ఊరు గుర్తు పెట్టండి. ఇంట్లో పాత అట్లాసు చూసి గీయకండి. గజపతి, రాయగడ, మల్కన్‌గిరి 1992 అక్టోబరు 2న విడిగా జిల్లాలయ్యాయి, పార్వతీపురం మన్యం 2022లో వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కూర్చేటప్పుడు ఆ సంగతి తాతమ్మల చేత చెప్పించండి.

మ్యాపుని 12 × 18 అంగుళాల దళసరి కాగితం మీద ప్రింటు తీయించి, 3 మి.మీ. ఎండీఎఫ్ చెక్కకి ఫెవికాల్ పల్చగా రాసి అంటించండి. మధ్యనుంచి అంచులకి పాత కార్డుతో దువ్వితే బుడగలు పోతాయి. పైన శుభ్రమైన కాగితం వేసి రాత్రంతా బియ్యం బస్తా కింద ఉంచండి. మర్నాడు సన్న బ్లేడున్న ఫ్రెట్ సా రంపంతో, బొమ్మ పైకి పెట్టి, జిల్లా గీతల వెంబడి కోయాలి. చేత కాకపోతే వడ్రంగికివ్వండి. ఎండీఎఫ్ పొడి మంచిది కాదు, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆరుబయట కోయండి. అంచుల్ని 220 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. ఈ ముక్కలకి బొడిపెలుండవు కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకోవు, చుట్టూ బీడింగ్ ఉన్న పళ్లెంలాంటి చట్రం కావాలి. బల్ల చేయించినప్పుడే ఆ చట్రం కూడా చెబితే ఒకే ఖర్చులో అయిపోతుంది. పిల్లలు పెద్దయ్యేకొద్దీ జిల్లాల్ని బ్లాకులుగా ఇంకా చిన్న ముక్కలు చేయొచ్చు.

పూర్తయ్యాక

రెండు మూడు రోజులు ఉంచుకుని చూసుకోండి, ఫోటో తీసుకోండి. ఫెవికాల్ పూసి గోడకి తగిలించేవాళ్లున్నారు గానీ నాకు అది నచ్చదు. అంటించిన పజిల్ ఇంకెవరికీ పనికిరాదు.

ఒక ముక్క తగ్గిందా? ముందు బల్ల గుడ్డ మడతలు, కుర్చీ దిండు, కూర్చున్నవాళ్ల చీరకుచ్చిళ్లు, చివరికి చెత్తబుట్ట చూడండి. ఊడ్చేవాళ్లకి మొదటిరోజే ఒక ముక్క చేతికిచ్చి చూపించి ఉంచండి. నిజంగా పోతే, ఖాళీ కింద కాగితం పెట్టి పెన్సిలుతో ఆకారం తీసుకుని, అదే మందం అట్ట మీద కోసి రంగు వేస్తే అడుగు దూరం నుంచి తేడా తెలియదు.

విప్పేటప్పుడు నాలుగు భాగాలుగా విప్పి నాలుగు కవర్లలో వేయండి. ఈసారి పెద్దవాళ్లెవరైనా వేస్తే ఒక్కో కవరు ఒక్కో వారానికి సరిపోతుంది. డబ్బా మూత లోపల ఒక చీటీ అంటించి తేదీ, ముక్కలన్నీ ఉన్నాయా లేదా, లేకపోతే ఏ మూలలో ఏది లేదో రాయండి. వీధిలో ఇంకో ఇంట్లో కూడా బల్ల చేయించుకునేలా చేస్తే ఇక కొనాల్సిన పని సగానికి తగ్గుతుంది. మీ డబ్బా వాళ్లకి, వాళ్ల డబ్బా మీకు.